గీత పడని హంస

ఆ కొయ్యసామాన్ల కార్ఖానాకు యజమాని ఎవరని అడిగితే గుమ్మం మీది బోర్డు పెద్దమేస్త్రి అనేది, మేడమీది వంటిల్లు ఆయన ఇల్లాలు అత్తగారు అనేది. నిజానికి అక్కడ పరిపాలన సాగించేది వాళ్ళిద్దరూ కాదు. షెడ్డు నడిమధ్యన నాలుగు ఇనుపకాళ్ళ మీద కొలువుదీరిన రంపపు బల్ల. బల్ల మధ్యలోని సన్నటి చీలికలోంచి సగం తల మాత్రం బయటపెట్టి లోకాన్ని చూసే ఆ ఉక్కుచక్రానికి పళ్ళే తప్ప పెదవులు లేవు. అందుచేత అది నవ్వుతోందో, ఆవులిస్తోందో ఎవరూ తేల్చి చెప్పలేకపోయేవారు.

ప్రభువన్నాక పరివారం ఉండకుండా ఉండదు. చక్రం వెనకే, దానికి వీపు ఆనించినంత దగ్గరగా, ఒక ఉక్కురేకు నిలబడి ఉండేది. అది మంత్రి. కోసిన చెక్క రెండు పాయలూ విడిపోయిన అన్నదమ్ముల్లా మళ్ళీ దగ్గరకు వచ్చి చక్రాన్ని నొక్కబోతే, మధ్యలో దూరి వాళ్ళను కలవనివ్వకపోవడమే మంత్రిగారి ఉద్యోగం. ఆ ఉద్యోగంలో మంత్రి ఒక్క క్షణం ఏమరినా ప్రభువు చెక్కను వెనక్కి తంతుంది. ఆ తన్ను ముందు గాడిదలూ గుర్రాలూ సిగ్గుపడాలి. చక్రం నెత్తిన గొడుగులా పట్టే మూత ఒకటి. పక్కన, కొలతకు తగ్గట్టు జరిపి బిగించే పొడుగాటి ఇనుపపట్టీ ఒకటి. దాన్ని గైడు అంటారు. చెక్క ఆ గైడును ఒరుసుకుంటూ, గోడవారగా నడిచే కొత్తకోడలిలా, అటూ ఇటూ చూడకుండా ముందుకు పోవాలి.

పొద్దున్నే ప్రభువును మేల్కొలిపే ముందు పెద్దమేస్త్రి చేసే సేవ చూసి తీరవలసిందే. మొదట ప్లగ్గు పీకి, తీగతో సహా తెచ్చి, కంటికి ఎదురుగా బల్లమీద పెట్టేవాడు. స్విచ్చు కట్టేసి ఉందిగా అనే మాట ఆయన దగ్గర చెల్లేది కాదు. "స్విచ్చు మాటిస్తుంది, ప్లగ్గు నిలబెట్టుకుంటుంది" అనేవాడు. తరవాత పళ్ళ సందుల్లో ఎండిన బంకను ఇత్తడి బ్రష్షుతో తోమి, ఒక్కొక్క పన్నునూ వెలుతురుకు తిప్పి చూసి, ఒకటి విరిగినా ఆ చక్రానికి ఆ రోజు సెలవిచ్చేవాడు. గైడుకూ చక్రానికీ మధ్య ఎడం ముందువైపు కొలిచి, వెనకవైపు కొలిచి, వెనకాల వెంట్రుకవాసి ఇరుకుగా కనిపించినా విప్పి మళ్ళీ బిగించేవాడు. చివర బల్లంతా మైనం రుద్దేవాడు. చెక్క జారకపోతే చెయ్యి గట్టిగా తోస్తుంది, గట్టిగా తోసిన చెయ్యే జారుతుంది అని ఆయన సిద్ధాంతం.

మనిషి నిలబడే వైపు, వెనక గోడకు, మందపాటి పలక ఒకటి బిగించి ఉండేది. దాని నిండా గుంతలు. అవన్నీ ప్రభువు తన్నిన తన్నులు. ఒక గుంత సరిగ్గా మనిషి పొట్ట ఎత్తున, గుప్పెడు దూరేంత లోతున ఉండేది. దాని చరిత్ర ఎవరూ చెప్పేవారు కాదు. కాని అందరూ దాని సూటిలోంచి ఒక అడుగు ఎడంగా తప్పుకునే నిలబడేవారు.

ఆ షెడ్డులో అన్నిటికన్నా పెద్ద శాసనం వేరే ఉంది. చక్రం తిరుగుతున్నంతసేపూ దాని ముందున్న మనిషిని పిలవకూడదు, ముట్టకూడదు, వెనకనుంచి సమీపించకూడదు. కొంప అంటుకున్నా సరే, ఎదురుగా వచ్చి, కనపడే చోట నిలబడి, చక్రం ఆగేదాకా నోరు మూసుకుని ఉండాలి. అత్తగారికి ఈ శాసనం మీద జీవితకాలపు ఫిర్యాదు ఒకటి ఉండేది. ఇన్నేళ్ళ కాపురంలో తన మాట పూర్తయ్యేదాకా ఈ మనిషి ఒక్కనాడూ ఆగింది లేదని, ఆ ఇనప ముండకున్న మర్యాద తాళి కట్టించుకున్న తనకు లేకపోయిందని ఆవిడ వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకునేది.

ఇంత వైభవంలోకి ఇల్లరికపు అల్లుడుగా ప్రవేశించినవాడు స్వతహాగా చెక్కడపు పనివాడు. అతని చేతిలో ఉలి పడితే కొయ్యలో ఆకులు చిగిర్చేవి, పిట్టలు రెక్కలు విదిల్చేవి. ఈ సంగతి లోకం కన్నా ముందు అతనికే తెలుసు. రంపపు బల్ల అంటే మాత్రం అతనికి లోలోపల వణుకు. ఆ వణుకును కళాకారుడి అరుచిగా చలామణీ చేసి, యంత్రంతో కోసింది కోతే గాని పని కాదని చెబుతూ, షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. అతని భార్య అలా కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న మనిషి. కార్ఖానాలో ఆమెను అందరూ చిన్నమేస్త్రి అనేవారు.

పెద్దమేస్త్రి కళ్ళు మసకబారడం మొదలై, రంపపు బల్ల పని చాలావరకు కూతురికి అప్పగించిన రోజున, అల్లుడు ఒక కానుక చేసి తెచ్చాడు. అది తోపుడు కర్ర. సన్నటి బద్దలు కోసేటప్పుడు వేళ్ళు చక్రం దగ్గరకు పోకుండా, చెక్క తోకను పట్టి ముందుకు తోసే కర్ర. ఎక్కడైనా అది పనికిరాని ముక్కతో చేసుకునే వస్తువు. దాని కొనకు పక్షిముక్కులా ఒక గాటు పెడితే చాలు. అల్లుడు ఆ పక్షిముక్కు అనే మాట దగ్గర ఆగిపోయాడు. నల్లచేవ కొయ్య తెచ్చి, నెలల తరబడి చెక్కి, నిజంగానే పక్షిని తీశాడు. మెడ సాచిన హంస. తెరిచిన ముక్కు చెక్కను పట్టే గాటు, వెనక్కి మడిచిన రెక్కలు పిడి. ఒక్కొక్క ఈక వేరువేరుగా, వేలితో తడిమితే మెత్తగా ఉంటుందేమో అనిపించేలా.

అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో అల్లుడు, గాల్లో తేలిపోతున్నవాడు, ఒక మాట జారాడు.

"మామగారూ, దీని మీద గీత పడితే నా గుండె మీద పడ్డట్టే."

అది అలంకారం. సభల్లో అలాంటివి అంటారు, విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. కాని పెద్దమేస్త్రి అలంకారశాస్త్రం చదువుకోలేదు. మర్యాదశాస్త్రం చదువుకున్నాడు. ఆయన హంసను రెండు చేతులతో అందుకుని, ముందు గదిలో, వచ్చేవాళ్ళందరికీ కనిపించేలా, మేకు కొట్టి తగిలించాడు. కొరుకుళ్ళతో కుష్టుపట్టినట్టుండే పాత తోపుడు కర్రకు అదే రోజున ఉద్యోగవిరమణ ప్రకటించాడు.

ఆ పై వారాలు అల్లుడి జీవితంలో స్వర్ణయుగం. బీరువాకు చెక్క ఎంచుకోవడానికి వచ్చినవాళ్ళు హంసను చూసి బీరువా మరిచిపోయేవారు. దాన్ని దేనికి వాడతారని ఎవరైనా అడిగితే చెక్క తోయడానికని చెప్పి, వాళ్ళ నోళ్ళు తెరుచుకోవడం చూసి ఆనందించేవాడు. పనిముట్టు అయి ఉండి ఒక్క గీత కూడా పడకపోవడం వాళ్ళకు వింతగా ఉండేది. అతనికి ఎందుచేతనో వింతగా ఉండేది కాదు. షెడ్డులో ఏదో ఒక ముక్కతో తోసుకుంటున్నారులే అనుకునేవాడు, అనుకునే పని పడితే.

ఒకరోజు పెద్దమేస్త్రి ఎడమచేతి బొటనవేలికి గుడ్డచుట్టుతో భోజనానికి కూర్చున్నాడు. ఏమైందని అల్లుడు అడిగితే సుత్తి తగిలిందన్నాడు. అత్తగారు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపి భర్త వైపు చూసింది. ఏ మాటా అనలేదు. ఆవిడ ఏ మాటా అనకపోవడం ఆ ఇంట్లో సూర్యగ్రహణం కన్నా అరుదు. అయినా అల్లుడు అన్నం కలుపుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మేకులు కొడుతున్న మనిషి బొటనవేలి మీద సుత్తి వేసుకోవడమేమిటన్న ప్రశ్న అతనికి ముద్ద నోట్లో పెట్టుకున్నాక తట్టింది. మింగేశాక పోయింది.

తరవాత కొన్నాళ్ళకు మెరుగునూనె కోసం సామాన్ల గదిలోకి వెళ్ళినప్పుడు అతనికి పాత తోపుడు కర్ర కనిపించింది. దాన్ని కిటికీ రెక్కకు ఊతంగా పెట్టారు. సీసా అందుకోబోయిన చెయ్యి అలాగే ఆగింది. ఎండ కర్ర మీద పడి, గాట్లన్నిటికీ నీడలు పట్టింది. కొన్ని పైపై గీతలు. కొన్ని లోతైనవి. ఒకచోట చక్రం కర్ర సగం మందాన్ని నున్నగా, వెన్న తీసినట్టు తీసుకుపోయింది. చెక్కడపు పనివాడు కనుక ఏ గాటు ఏ కోణంలో, ఎంత విసురుగా పడిందో అతని కళ్ళు వాటంతటవే చదివేశాయి. ఆ చదువు అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఇన్ని కాట్లు ఈ కర్రకు పడ్డాయంటే, దీన్ని తీసేశాక పడవలసిన కాట్లు ఎక్కడికి పోతున్నాయి?

ముందు గదిలో హంస మీద గీత లేదు.

షెడ్డు గుమ్మం దగ్గరకు వెళ్ళి చూశాడు. భార్య పలక కోస్తోంది. పలక తోక బల్ల మధ్యకు రాగానే ఆమె కుడిచెయ్యి దాన్ని పట్టి, చక్రం పక్కగా, గైడు వారగా ముందుకు పోయింది. వేళ్ళు ముడిచి పట్టుకుంది, చిటికెనవేలు గైడుకు ఆనించి పెట్టింది, నేర్పుగల చెయ్యే. నేర్పు అనేది ఎంత సన్నటి వస్తువో అతనికి అప్పుడు తెలిసింది.

చక్రం ఆగి, ఆమె చెవుల మీది మూతలు తీశాక అడిగాడు. "సన్నబద్దలు కూడా ఇలాగేనా?"

"మరెలా?" అని ఆమె రెండు చేతులూ చూపించింది. "ఇవి ఉన్నాయిగా."

"ఇంకో కర్ర చేసుకోవచ్చు కదా. ఏ పనికిరాని ముక్కయినా చాలు."

"నాన్నతో చెప్పి చూడండి. అల్లుడు కర్ర ఇచ్చాక ఇంకో కర్ర చేసుకుంటే, అల్లుడిచ్చింది పనికిరాలేదని పదిమందికీ చాటినట్టు కాదూ? పోనీ మీదే వాడదామంటే గీత పడితే గుండె మీద పడ్డట్టేనంటిరి. అటూ ఇటూ కదలకుండా కట్టేసి, ఇప్పుడొచ్చి ఏమిటంటున్నారు."

"పాతదో?"

"పాతది తీస్తే కిటికీ ఊడుతుంది" అని నవ్వింది. తరవాత కాస్త తగ్గి, తను ఒకసారి పాతదాన్ని తెచ్చుకోబోతే నాన్న నొచ్చుకున్నాడని, అల్లుడు కానుకిచ్చాక కుంటికర్ర పట్టుకుంటే మనకు మర్యాద తెలియదనుకుంటాడన్నాడని చెప్పింది.

ఇక్కడ ఒకే ఒక్క మాట చాలు. నాది తీసి వాడు అనాలి. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని వృత్తిపనివాళ్ళ సంఘం ఏటా పెట్టే ప్రదర్శన దగ్గరపడుతోంది. హంసను చూసిపోయిన సంఘం పెద్ద, ఇది వస్తే మిగతావాళ్ళు తమ వస్తువులు సర్దుకుని ఇళ్ళకు పోవలసిందేనని అని వెళ్ళాడు. ప్రదర్శన కాగానే చెబుదాం; అప్పటిదాకా ఇన్నాళ్ళూ జరగనిది ఇప్పుడు మాత్రం ఎందుకు జరుగుతుంది? ఈ తర్కం ఎంత నున్నగా ఉందంటే దాని మీద కూడా ఎక్కడా గీత లేదు.

"కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి" అన్నాడు. దానికి ఖర్చేమీ లేదు.

ఆ రాత్రినుంచి అతనికి తిండి సహించలేదు. మేడమీద కూర్చున్నా కిందినుంచి వచ్చే కోతధ్వని వింటూ ఉండేవాడు. మామూలుగా సాగే కూత కాస్త బరువెక్కితే గ్లాసు పట్టుకున్న చెయ్యి బిగుసుకునేది. మళ్ళీ తేలికపడితే గుటక పడేది. కోత మధ్యలో ధ్వని ఉన్నట్టుండి ఆగితే మెట్ల దగ్గరకు వెళ్ళి నిలబడి, భార్య దగ్గో తుమ్మో వినిపించేదాకా కదిలేవాడు కాదు. అత్తగారు దీన్ని గమనించి, అల్లుడికి ప్రదర్శన బెంగ పట్టుకుందని తేల్చి, రెండు పూటలా మజ్జిగ తాగించింది. తను ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు. తన పేరు ఒక పళ్ళెంలో, భార్య వేళ్ళు ఒక పళ్ళెంలో పెట్టి తూచుకుంటున్నాడు. తూకం ఎటూ మొగ్గడం లేదని నటిస్తున్నాడు.

అంతలో పెద్దమేస్త్రికి ఒక ఆలోచన తోచింది. ప్రదర్శనలో పదిమంది చేతులు పడితే ఈకలు అరిగిపోవూ? హంసకు అద్దాలపెట్టె చెయ్యాలి. చట్రం సన్నగా ఉండాలని అల్లుడే బొమ్మ గీసి ఇచ్చాడు. చట్రం కంటికి ఆనకూడదు, అద్దం కూడా ఆనకూడదు, హంస ఒక్కటే గాలిలో నిలబడ్డట్టు ఉండాలి. బద్దలు వేలికన్నా సన్నం. ఒక్కొక్క బద్దకూ అద్దం దూరడానికి గాడి. ఆ బద్దలు కోసేది చిన్నమేస్త్రి. తోపుడు కర్రను దాచడానికి పెట్టె, ఆ పెట్టెకు బద్దలు, ఆ బద్దలు తోయడానికి తోపుడు కర్ర లేకపోవడం. ఈ ఏర్పాటులోని సొగసు బొమ్మ గీసినప్పుడు అతనికి కనిపించలేదు. కనిపించింది మర్నాడు మధ్యాహ్నం, హంసను గుడ్డలో చుట్టుకుని, కొలత సరిచూడడానికి షెడ్డులోకి అడుగుపెట్టినప్పుడు.

గాడి తీసేటప్పుడు చక్రం చెక్కను తెగకొయ్యదు. కిందనుంచి కొద్దిగా కొరుకుతుంది. మంత్రి అడ్డు కనుక ఉక్కురేకునూ, దానితోపాటు మూతనూ విప్పాలి. విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. గాడి పని అయ్యాక, బద్దను తెగకోసే ముందు, వాటిని మళ్ళీ బిగించాలి. కాని ఒక పలకకు గాడి తీయడం, బద్ద కోయడం, మళ్ళీ గాడి, మళ్ళీ బద్ద. ప్రతిసారీ మంత్రిని పిలిచి పంపుతూ ఉంటే ప్రదర్శన నాటికి పెట్టె తయారుకాదు. తొందరగా కావాలని పొద్దున్న గొడవపెట్టినవాడు అతనే. ప్రభువు ఒంటరిగా, నెత్తిన గొడుగు లేకుండా, వెనక ఎవరూ లేకుండా తిరుగుతోంది.

బద్ద సగానికి పైగా తెగింది. చక్రానికీ గైడుకూ మధ్య ఉన్న ఎడం భార్య బొటనవేలి కన్నా ఇరుకు. బొటనవేలు ఆ ఎడంలోకి వెళుతోంది.

అరవడానికి నోరు తెరుచుకుంది. శాసనం గుర్తొచ్చి మూసుకుంది. ఆమె తల ఎత్తితే చాలు, ఆ తల ఎత్తడంలో చెయ్యి ఇసుమంత కదిలితే చాలు. పరిగెత్తకూడదు. చెయ్యి పట్టి లాగకూడదు. అతను జీవితంలో ఎప్పుడూ నడవనంత మెల్లగా నడిచి, ఆమెకు ఎదురుగా, బల్ల అవతలి అంచు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె చూడలేదు. చూడవలసిన చోటే, చెక్క చక్రాన్ని కలిసే చోటే చూస్తోంది. అతను గుడ్డ విప్పాడు. హంసను పడుకోబెట్టి, చక్రానికి దూరంగా, బల్ల వారగా, మైనం రుద్దిన ఇనుము మీద కొద్దికొద్దిగా ముందుకు జరిపాడు. నల్లటి ముక్కు ఆమె చూపు అంచులోకి ఈదుకుంటూ వచ్చింది.

ఆమె మోకాలు బల్లకింది ఎర్ర స్విచ్చును నొక్కింది. మోటారు ఊపిరి వదిలింది.

మోటారు ఆగితే చక్రం ఆగినట్టు కాదు. కూత సన్నగిల్లి, బుసగా మారి, పళ్ళు వేరువేరుగా కనిపించకుండా ఒక వెండి పొగలా అది ఇంకా తిరుగుతూనే ఉంది. కోసిన రెండు పాయలూ దాని మీదికి ముడుచుకుంటున్నాయి. విడదీయవలసిన మంత్రి అల్లంత దూరాన బల్లచివర పడుకుని ఉన్నాడు. ఇప్పుడు ఆమె బద్దను వదిలితే అది ఎగిరి తంతుంది. వదలకుండా పట్టుకుంటే బొటనవేలు ఉన్న చోటే ఉండాలి. ఆమె పట్టుకుంది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ ఆ వేలినే చూశారు.

మేడమీద అత్తగారికి కూత ఆగినట్టు వినిపించింది. శాసనాన్ని పాటించే ఇల్లాలు కనుక అప్పటిదాకా బిగబట్టుకున్న కేకను మెట్లమీదినుంచి, చెవిమూతలను కూడా దాటే నిండుగొంతుతో వదిలింది.

"అమ్మాయ్! కంచాలు పెట్టాను, రండి!"

బొటనవేలు అదిరింది. టిక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చింది, గింజ పగిలినట్టు.

చక్రం ఇంకొన్ని చుట్లు తిరిగి, బద్ధకంగా, ఒక్కొక్క పన్నూ చూపిస్తూ ఆగింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు చాచింది. అన్నీ ఉన్నాయి. రక్తం లేదు. రంపపు పొట్టు మీద, నెలవంక ఆకారంలో, తెల్లటి గోటిముక్క ఒకటి పడి ఉంది.

అల్లుడు గోడదాకా నడిచి, ఇన్నేళ్ళలో తను ముట్టని ప్లగ్గును పీకి, తెచ్చి, బల్లమీద ఆమె కంటికి ఎదురుగా పెట్టాడు. ఆమె ఉక్కురేకును తెచ్చి బిగించింది. గైడు ఎడం ముందు కొలిచింది, వెనక కొలిచింది, మళ్ళీ ముందు కొలిచింది. అదంతా అయ్యాక అతను హంసను మెడ దగ్గర పట్టి ఆమె చేతికి ఇచ్చాడు.

"గీత పడుతుంది" అంది ఆమె.

"పడనీ."

"ఇంత సన్నబద్ద తోస్తే ముక్కు మిగలదు. తెగిపోతుంది."

"ముక్కు చేసింది అందుకే. తోయి."

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, చెవిమూతలు పెట్టుకుంది. అతను ప్లగ్గు పెట్టి, వచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. చక్రం లేచింది. బద్ద తోక దగ్గరకు రాగానే హంస ముక్కు దాన్ని పట్టింది, ముందుకు నడిపించింది, ఒక్క వెంట్రుక పక్కకు తొలగకుండా చక్రం పక్కనుంచి దాటించింది. దాటిస్తూ తన పై ముక్కును అక్కడ ఇచ్చేసింది. నల్లటి పొట్టు కొద్దిగా లేచి, తెల్లటి పొట్టు మీద పడింది. తరవాతి బద్దకు కింది ముక్కు. ఆ తరవాతి దానికి కన్ను. చెక్కడానికి అన్నిటికన్నా ఎక్కువకాలం పట్టింది ఆ కంటికే. గుండె మీద గీత పడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. గుండె ఎక్కడ ఉండాలో అక్కడే ఉండి, భార్య వేళ్ళను లెక్కపెట్టుకుంటోంది.

చివరి బద్ద తెగి, చక్రం పూర్తిగా ఆగాక గాని పెద్దమేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడని వాళ్ళకు తెలియలేదు. ఎప్పటినుంచి ఉన్నాడో, శాసనం ప్రకారం ఎదురుగా, కనపడే చోటే ఉన్నాడు. వచ్చి ముక్కులేని హంసను అందుకుని, కాటును వేలితో తడిమి చూశాడు. తరవాత బల్లమీది గోటిముక్కను చూశాడు. ఎడమచేతి గుడ్డచుట్టు విప్పాడు. బొటనవేలి కొన చదునుగా, చిత్రిక పట్టినట్టు, గోరు లేకుండా ఉంది.

"సుత్తి కాదు, అల్లుడుగారూ" అన్నాడు. "మీ గుండెకు గీత పడుతుందని, మేం వేళ్ళు పెట్టాం."

మెట్లమీదినుంచి అత్తగారు, కూత ఆగి ఇంతసేపైనా ఎవరూ రారేమని, కూరలు చల్లారితే తన పూచీ లేదని ప్రకటించింది.

పెట్టె మాత్రం ఆగలేదు. కోసిన బద్దలను పారెయ్యడం పెద్దమేస్త్రి వంశంలో లేదు. అద్దాలు దూర్చి, ముందు గదిలో పెట్టి, అందులో పాత కుంటికర్రను నిలబెట్టాడు. సామాన్ల గది కిటికీ రెక్క ఆ రోజే ఊడింది. సంఘం పెద్ద వచ్చి, హంసేదని అడిగి, షెడ్డులో మేకుకు వేలాడుతున్న మొండి మెడను చూసి, పలకరింపు మధ్యలోనే వెళ్ళిపోయాడు. అల్లుడికి ఇప్పుడు తిండి సహిస్తోంది. కాని ఒక కొత్త అలవాటు పట్టుకుంది. సాయంత్రం పని ముగిశాక షెడ్డులోకి వెళ్ళి, ఆ రోజు హంస ఎక్కడిదాకా తరిగిందో చూస్తాడు. మెడ పోయింది. కాట్లు రొమ్ముదాకా వచ్చాయి.

ఒకనాడు రొమ్ము కింద కొత్త కాటు ఒకటి కనిపించింది. వెడల్పుగా, నున్నగా ఉంది. దానిలో తన బొటనవేలు పెట్టి చూశాడు. సరిపోయింది. ఏ పన్ను ఇంత లోతుగా దిగిందో తెలుసుకోవాలనిపించి, హంసను బల్లమీదికి తెచ్చి, మూత ఎత్తి, కాటును చక్రం పంటికి ఆనించి, వేలు ఆ రెంటి మధ్యా పెట్టి కొలవబోయాడు. ఉక్కు చల్లగా ఉంది. మోకాలికి ఎర్ర స్విచ్చు పక్కన, చక్రాన్ని లేపే పచ్చ స్విచ్చు తగులుతోంది.

మామగారి అలవాటు చొప్పున ప్లగ్గు కోసం బల్లమీద చూశాడు. బల్లమీద లేదు. గోడలో ఉంది.

అతను ఊపిరి బిగబట్టి, మోకాలు కదలకుండా, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాడు.